శౌరికి పూచీ

నమోదు 1

శౌరిని ఇవాళ ఇంటికి తెచ్చాను.

ఎండ సైరన్ మోగేలోపు స్టేషన్ నుంచి కదలమని ఇన్‌స్పెక్టర్ ఖాదర్ వలీ ఒకటే తొందర. సైరన్ మోగాక వీధిలో కనిపిస్తే, పూచీ పడ్డ మొదటి రోజే నా మీద కూడా కేసు రాయాల్సొస్తుందట. నా వేలిముద్ర తీసుకున్నాడు. శౌరి ఎడమ కాలికి నల్లటి పట్టీ బిగించాడు.

"చూడండమ్మా, ఈయన మీ గడప దాటితే పట్టీ అరుస్తుంది. పాడినా అరుస్తుంది. అది అరిస్తే మేం వచ్చేది ఈయన ఒక్కడి కోసమే కాదు."

"మాట్లాడచ్చా?" అన్నాడు శౌరి.

"మాట్లాడండి సార్. రాగం మాత్రం తియ్యకండి."

సార్ అన్న ఆ ఒక్క మాటకి శౌరి నడుం నిటారుగా అయింది. అరవై దాటిన మనిషి. జుట్టుకి వేసిన రంగు కుదుళ్ళ దగ్గర వెలిసిపోయి, తల మీద తెల్లటి గీతలా కనిపిస్తోంది. ఒకప్పుడు రేపల్లెలో, బాపట్లలో ఈ మనిషి పాట మోగకుండా పెళ్ళి ఊరేగింపు కదిలేది కాదు. సముద్రం ఆ ఊళ్ళని మింగి, మేమంతా ఈ వినుకొండ గుట్టల మీద కొత్త రేపల్లె కట్టుకున్నాక ఊరేగింపులే లేవు. "చుక్క నీరైనా పారబోయకండి" అని కుళాయిల దగ్గర వినిపించే ప్రకటనలో కొన్నాళ్ళు ఆయన గొంతు ఉండేది. తర్వాత దాన్నీ మార్చేశారు.

దారిలో అన్నాడు: "అందరికీ కబురు పెట్టాను వదినా. నువ్వొక్కదానివే వచ్చావు."

ఆయన నా భర్త లాజరుకి చిన్నప్పటి స్నేహితుడు. లాజరు పోయిన రోజు సమాధి దగ్గరికి కూడా రాలేదు. ఆ రోజు ఎక్కడో కచేరీ ఉందన్నారు.

పూచీ ఉన్నవాళ్ళు రోజూ స్టేషన్‌కి మూడు ముక్కలు పంపాలి. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, ఎవరితోనూ గుంపు కట్టలేదు, పాడలేదు. ఆ మూడూ పంపేశాను. మిగిలింది నా కోసం రాసుకుంటున్నాను.

నమోదు 2

శౌరికి నేను పడుకునే గది ఇచ్చి, నేను కుట్టుమిషను పక్కన చాప వేసుకున్నాను. నా పని నీడగుడ్డలు కుట్టడం. వీధుల మీద పందిరిలా కట్టే ఆ గుడ్డలు గాలికి చిరుగుతూనే ఉంటాయి. అవి లేకపోతే పొద్దెక్కాక పక్కింటికి వెళ్ళడం కూడా కష్టం. గుడ్డ అవతలి కొస పట్టుకోమంటే పట్టుకున్నాడు. కాసేపటికి చేతులు నొప్పి అన్నాడు.

ఆయన మీద కేసు ఇది. వేసవి మొదట్లో పంపిణీ సంస్థ కింది వాడలకి నీటి వాటా సగం చేసింది. జనం పెద్ద చెరువు తూము దగ్గరికి వెళ్ళారు. మొదట కూర్చున్నారు. తర్వాత ఎవరో పాట ఎత్తుకున్నారు. శౌరి పాత పాట.

గడియ తియ్యవే గంగా
గడప దాకా వచ్చినాను
తడిసిన నన్ను చూసైనా
తలుపు తియ్యవే గంగా

అలిగిన పిల్ల ఇంటి ముందు ఒక కుర్రాడు పాడుకునే పాట, అంతకన్నా ఏమీ లేదు. జనం 'తడిసిన' అన్న చోట 'ఎండిన' అని మార్చుకున్నారు. వేల గొంతులు 'గడియ తియ్యవే' అంటూ ఉంటే, ముందున్న వాళ్ళు గడ్డపారలతో తూము గేటు పెకిలించారు. నీళ్ళు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. గేటు కింద గదిలో ఉన్న ఇద్దరు కాపలాదారులు కొట్టుకుపోయారు.

గేటు పగలగొట్టిన వాళ్ళు గుంపులో కలిసిపోయారు. దొరికింది పాట ఒక్కటే. ప్రేరణ చట్టం ప్రకారం, గుంపు ఏ మాటలు పలుకుతూ నేరం చేసిందో ఆ మాటలు పుట్టించినవాడికి నేరంలో భాగం ఉంటుంది. ఉప్పుమడుల్లో ఏళ్ళకేళ్ళు పని, దానితోపాటు గొంతుకి ముడి. ముడి వేశాక మనిషి గుసగుసగా మాట్లాడగలడు, అంతే. అరవలేడు, పాడలేడు.

ఎందుకు పూచీ పడ్డావని పక్కింటావిడ అడిగింది. పాపం అనిపించి, అన్నాను. అది అబద్ధం కాదు. కానీ అసలు కారణం వేరే. ఆ పాట శౌరి రాయలేదు. లాజరు రాశాడు. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు. ఇప్పుడు కోర్టు అడుగుతుంది, రాసిందెవరని. తన గొంతు కాపాడుకోవాలంటే శౌరి నిజం చెప్పక తప్పదు. ఆ నిజం చెప్పేదాకా ఆయన నా కళ్ళ ముందు ఉండాలని తెచ్చుకున్నాను.

నమోదు 3

వకీలు వచ్చింది. తేజోవతి అని, ముప్పై ఏళ్ళ పిల్ల. ప్రభుత్వమే పెట్టిందట. సైరన్ మోగేలోపు వెళ్ళిపోవాలని చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది.

"మీకు దారి ఒక్కటే ఉంది శౌరిగారూ. చట్టం పట్టుకునేది మాటలు పుట్టించినవాణ్ణి. పాడినవాడికి సంబంధం లేదు. ఆ పాట రాయడంలో ఇంకెవరి చెయ్యైనా ఉందా? ఆలోచించి చెప్పండి. ఉందంటే మీరు ఆ రోజే బయటపడతారు."

నేను గ్లాసులో అంబలి పోస్తున్నాను. పొయ్యడం ఆపేశాను.

శౌరి నా వైపు చూడలేదు. కాలి పట్టీ వైపు చూశాడు.

"నేనే రాశాను," అన్నాడు.

"మొత్తం?"

"ప్రతి అక్షరం."

వకీలు రాసుకుంది. "ఎవరినైనా కాపాడాలని చూస్తున్నారా?" అని మళ్ళీ అడిగింది. శౌరి నవ్వాడు. పాత పోస్టర్ల మీద ఉండేది, ఆ నవ్వే.

"నా పాట ఇంకొకడిదని చెప్పమంటావా అమ్మాయ్?"

ఆ అంబలి ఆయనకి ఇవ్వలేదు. వకీలు కూడా తాగలేదు. అది అలాగే చల్లారిపోయింది.

నమోదు 4

ఇవాళ అడిగేశాను. కుట్టుమిషను ఆపి, ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను.

"ఆ రోజు నువ్వు లేవా శౌరీ? వాన పడలా? గొడుగు పట్టుకుని పక్కన నిలబడింది నువ్వు కాదూ?"

"ఉన్నాను."

పెళ్ళయిన కొత్తలో లాజరూ నేనూ పోట్లాడుకున్నాం. వాళ్ళ బ్యాండు రిహార్సళ్ళని అర్ధరాత్రి దాకా ఇంటికి రాకపోతే, ఒకరోజు నేను తలుపు గడియ వేసేశాను. పొద్దున్నే వచ్చి వానలో నిలబడి తలుపు తట్టాడు. నేను తియ్యలేదు. అప్పుడు గిటారు కూడా లేకుండా, ఉత్త చేతులతో తలుపు మీద దరువేస్తూ ఆ పాట కట్టాడు. దయామణి అన్న నా పేరు దరువులో ఇమడలేదు. అందుకని గంగా అన్నాడు. పాట పూర్తయ్యాకే గడియ తీశాను. నాకు ఇంకా వినాలనిపించింది, అందుకే అంతదాకా తియ్యలేదు.

నెల తిరక్కుండా శౌరి దాన్ని స్టేజి మీద పాడాడు. జనం వెర్రెత్తిపోయారు. క్యాసెట్టు మీద 'రచన, గానం: శౌరి' అని వచ్చింది. లాజరు చూసి, "పోనీలే దయా, పాడేది వాడేగా," అన్నాడు. చచ్చేదాకా అదే మాట అన్నాడు. మా ఆయన అలాంటివాడు. నేను అలాంటిదాన్ని కాదు.

"ఇప్పుడైనా చెప్పచ్చు కదా," అన్నాను. "లాజరుకి వాళ్ళు చేసేదేముంది? ఆయన మట్టిలో ఉన్నాడు. నీ గొంతు నీకు దక్కుద్ది. ఆయన పేరు ఆయనకి వస్తది."

శౌరి పట్టీ కిందికి వేలు దూర్చి గోక్కున్నాడు. ఆఖరికి, "కేసు కానీ వదినా, చూద్దాం," అన్నాడు. అప్పు తీర్చమంటే వాయిదా వేసినట్టు ఉంది ఆ మాట.

నమోదు 5

మా వీధిలోకి జనం రావడం మొదలైంది. గుంపు కట్టకూడదని తెలుసు కాబట్టి ఒక్కొక్కరే వస్తున్నారు. కిటికీ ముందు నుంచి మెల్లగా నడిచి వెళ్తారు. తల ఎత్తి చూస్తారు. కొందరు గడప మీద ఏదో పెట్టి పోతారు. నిమ్మకాయ, జొన్నరొట్టె. ఒకావిడ సీసాడు నీళ్ళు పెట్టి వెళ్ళింది. తన వాటాలోంచి సీసాడు నీళ్ళు పరాయివాడికి ఇవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు.

శౌరి ఆ నీళ్ళు తాగలేదు. జుట్టు దువ్వుకోవడానికి కొంచెం తీసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పొద్దున్నే లేచి, ఉతికిన చొక్కా వేసుకుని కిటికీ పక్కన కూర్చుంటున్నాడు. చెయ్యి ఊపడు. కనిపించీ కనిపించనట్టు తల ఆడిస్తాడు. పదేళ్ళు తగ్గినట్టున్నాడు. ఒక కుర్రది కిటికీ దగ్గర ఆగి, "ఎట్టా రాశారు సార్, మా కోసమే రాసినట్టుంది," అంటే, "ఒక పాట మనసులోకి వచ్చేటప్పుడు తలుపు తట్టి రాదమ్మా," అన్నాడు. తలుపు తట్టి వచ్చిన పాటే అది. లోపల గుడ్డ కుడుతున్న నాకు సూది వేలిలో దిగింది.

మధ్యాహ్నం ఏదో కూనిరాగం తీశాడు. కాలి పట్టీ ఒక్క అరుపు అరిచింది. ఇద్దరం బిగుసుకుపోయాం. సాయంత్రం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

"తెలీకుండా వచ్చిందండి," అన్నాడు శౌరి.

"ఇంకోసారి తెలీకుండా వస్తే విచారణ దాకా లాకప్పే సార్." ఖాదర్ వలీ గడప మీదున్న నిమ్మకాయల వైపు చూశాడు. "మా అమ్మ మీ పాటలు వినేది," అని, అవి తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

నమోదు 6

ఇవాళ వచ్చినావిడ ఏమీ పెట్టలేదు. నేరుగా లోపలికొచ్చింది. చిన్న వయసు, చంకలో పిల్ల. పేరు అంకమ్మ అంది. తూము కింద కొట్టుకుపోయిన కాపలాదారుల్లో ఒకడు ఈమె భర్త.

శౌరి కుర్చీలోంచి లేచాడు. ఆమె కూర్చోలేదు.

"నువ్వేనా ఆ పాట రాసింది?"

ఇప్పుడు చెప్తాడనుకున్నాను. ఈమె ముందు ఎవరైనా చెప్తారు. కాదమ్మా, నేను కాదు, నేను పాడానంతే అని. అది నిజం కూడా.

"నేనే," అన్నాడు.

"మా ఆయనకి ఈత వచ్చు. మాది చెరువుగట్టు ఊరు. ఆ గదికి బయట నుంచి గడియ వేశారంట. కాపలా వాళ్ళు పారిపోకుండా సంస్థ వాళ్ళే వేస్తారంట. వీళ్ళిద్దరూ లోపల నుంచి గడియ తియ్యండి, గడియ తియ్యండి అని అరిచారంట. బయట జనం అదే మాట పాడుతున్నారు. పాటలో కలిసిపోయింది వాళ్ళ అరుపు. ఎవరికీ వినపడలా."

పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. అంకమ్మ దాన్ని ఊరుకోబెట్టలేదు.

"ఎందుకు రాశావు?"

స్టేజి మీద వేలమందిని చూసినవాడు ఈ పిల్ల కళ్ళలోకి చూడలేకపోయాడు. నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు.

"తప్పయిందమ్మా," అన్నాడు. "నాదే తప్పు. నన్ను తిట్టు."

ఆమె తిట్టింది. మేమెప్పుడూ విననన్ని తిట్లు తిట్టింది. తన భర్త పేరు ఏసోబు అని, ఆ పేరు ఏ పాటలోనూ లేదని అరిచింది. గొంతు పోయేదాకా తిట్టి, గోడకి జారగిలబడింది. నేను నీళ్ళిస్తే తాగింది. పోయేటప్పుడు శౌరి వైపు చూడకుండా నాతో అంది: "ఒకడైనా నాది తప్పు అన్నాడు. ఇన్ని రోజుల్లో ఎవడూ అనలా."

ఆమె వెళ్ళాక శౌరి నేల మీద నుంచి లేవలేదు. నాకు జాలీ కోపమూ కలిసి ఒకేసారి వచ్చాయి. లాజరుకి రావాల్సిన కీర్తి అప్పట్లో శౌరి తీసుకున్నాడు. ఇప్పుడు లాజరు మీద పడాల్సిన శాపం కూడా తనే తీసుకున్నాడు. ఏది తీసుకున్నందుకు ఏమనాలో నాకు తోచలేదు.

నమోదు 7

నీడగుడ్డ ఇచ్చి వస్తానని చెప్పి వకీలు దగ్గరికి వెళ్ళాను. ఉన్నదంతా చెప్పాను. వాన, గడియ, లాజరు. కోర్టులో సాక్ష్యం చెప్తానన్నాను.

తేజోవతి విని, లేచి తలుపు మూసింది.

"చట్టం మొత్తం తెలుసా మీకు? రాసినవాడు చనిపోయి ఉంటే శిక్ష ఉండదు. పరిహారం ఉంటుంది. వారసుల నీటి వాటా బాధితుల ఇళ్ళకి పోతుంది. మీకు పిల్లల్లేరు. వారసురాలు మీరొక్కరే. వాటా లేని మనిషి గుట్ట మీద ఉండకూడదు. కిందికి, ఉప్పునేలకి దిగిపోవాలి."

ఉప్పునేల మీద మనిషి ఎన్నాళ్ళుంటాడో నాకు తెలుసు. అక్కడికి దిగినవాళ్ళ దగ్గర నుంచి మొదటి ఏడాది తర్వాత కబురు రాదు.

"శౌరికి తెలుసా ఇది?"

"స్టేషన్లోనే అంతా చదివి వినిపించాను. మీరు పూచీకి రాకముందే."

ఇంటికొచ్చేసరికి సైరన్ మోగుతోంది. శౌరి అన్నం వండి పెట్టాడు. ఉప్పు ఎక్కువైంది.

"నా కోసమేనా?" అని అడిగాను.

ఆయనకి అర్థమైంది. చెయ్యి కడుక్కుని గుడ్డకి తుడుచుకున్నాడు.

"నీ కోసమే అంటే నీకు బాగుంటది. నాకూ బాగుంటది. కానీ నాకే తెలీదు వదినా. పొద్దున లేస్తే నీ కోసం అనిపిస్తది. కిటికీ దగ్గర ఆ జనాన్ని చూస్తే నా కోసమే అనిపిస్తది. ఆ పాట తీసేస్తే నాలో ఏముంది చెప్పు? మిగతా పాటలన్నీ జనం మర్చిపోయారు. నేనూ మర్చిపోయాను."

"గొంతు తీసేస్తారు శౌరీ."

"ఎప్పుడో పోయింది గొంతు. పై స్థాయి అందక చాలా ఏళ్ళయింది. వాళ్ళు ముడి వేసేది ఖాళీ సంచికి."

"లాజరు కోసం ఎప్పుడన్నా అనిపించిందా?"

అన్నం ముందు తల వంచుకుని కూర్చున్నాడు. అలాగే అన్నాడు, "సమాధి దగ్గరికి రావాలనే బయల్దేరాను. దారిలో ఎవరో గుర్తుపట్టి ఆ పాట పాడమన్నారు. పాడాక ఇంక రాలేకపోయాను."

నేను నిర్ణయించుకున్నాను. ఉప్పునేలకి దిగుతాను. నా భర్త పేరు ఒక్కసారి, ఒక్క కాగితం మీదైనా నిజంగా రాసి ఉండాలి. దాని తర్వాత నేను ఎక్కడుంటే ఏమిటి.

నమోదు 8

కోర్టు హాలు చల్లగా ఉంది. గుట్ట మీద అంత చల్లటి చోటు ఒకటుందని నాకు తెలీదు. వెనక బల్లల మీద జనం. అంకమ్మ కూడా వచ్చింది.

న్యాయమూర్తి నడివయసు మనిషి. విసుక్కోకుండా విన్నాడు. నేను లేచి, సాక్ష్యం చెప్తానన్నప్పుడు వెనక కలకలం రేగింది. ఖాదర్ వలీ వాళ్ళని కూర్చోబెట్టాడు.

అంతా చెప్పాను. లాజరు తలుపు మీద వేసిన దరువు సాక్షిబోను చెక్క మీద వేసి చూపించాను.

"మీ భర్త రాసిన కాగితం ఏదైనా ఉందా అమ్మా?"

"మా ఇంటితోపాటు సముద్రంలో పోయింది."

"విన్నవాళ్ళు ఎవరైనా?"

"ఆయనే." శౌరి వైపు చెయ్యి చూపించాను. "గొడుగు పట్టుకుని పక్కనే ఉన్నాడు. ఆయన్నే అడగండి. ప్రమాణం చేయించి అడగండి."

న్యాయమూర్తి అడిగాడు. శౌరి లేచాడు. నా వైపు తిరిగాడు. ఆ చూపులో ఏ దాపరికమూ లేదు. క్షమించమని అడుగుతున్నాడని ఒక్క క్షణం అనుకున్నాను. తర్వాత న్యాయమూర్తి వైపు తిరిగి, ఎంతో మెత్తగా, ఎంతో మర్యాదగా అన్నాడు:

"పాపం, మంచి మనిషండి. భర్త పోయిన దగ్గర నుంచి అట్లాగే అనుకుంటుంటది. ఇంట్లో కూడా అదే చెప్తది. నేనూ కాదనను. ఆవిడ మనసుకి అది సాంత్వన. కానీ పాట నాది."

నేను అరిచాను. ఏమరిచానో గుర్తు లేదు. అబద్ధం అన్నానేమో. ఆడ కానిస్టేబుల్ ఒకామె నా భుజం పట్టుకుని, "ఊరుకోండమ్మా, ఊరుకోండి," అంటూ బల్ల మీద కూర్చోబెట్టింది. చిన్నపిల్లని బుజ్జగించినట్టు వీపు నిమిరింది. అందరూ నన్ను అదే చూపు చూశారు. అంతకంటే కొట్టి ఉంటే బాగుండేది.

శౌరికి ఆరేళ్ళు ఉప్పుమడులు. గొంతుకి ముడి. ఆయన వాటా ఆ రెండు ఇళ్ళకీ.

తీసుకెళ్తుంటే జనం దారి ఇచ్చారు. ఒక్కొక్కరూ వంగి ఆయన చెయ్యి తాకారు. ఆయన తల ఎత్తుకుని నడిచాడు. తలుపు దగ్గర ఒక్కసారి కాలు తడబడింది. అది నేనొక్కదాన్నే చూసినట్టున్నాను.

నమోదు 9

స్టేషన్‌కి వెళ్ళి పూచీ రద్దు చేయించుకున్నాను. ఖాదర్ వలీ కాగితం మీద ముద్ర వేసి, నిన్ననే ముడి వేశారని చెప్పాడు. నొప్పి ఉండదట. మెలకువలోనే చేస్తారట, మధ్యలో మాట్లాడించి చూడాలి కాబట్టి. ఏం మాట్లాడాడని అడిగాను. తనకి తెలీదన్నాడు.

వీధిలో ఎవరూ నాతో మాట్లాడటం లేదు. శౌరి పాటని మా ఆయన పేరు మీద రాయించుకోవాలని చూశానట. మహానుభావుణ్ణి ఇంట్లో పెట్టుకుని వెన్నుపోటు పొడిచానట. పక్కింటావిడ తన నీడగుడ్డ ఇంకొకరి చేత కుట్టించుకుంది. నా గడప మీద ఎవరో బూడిద పోసి వెళ్ళారు. గుడ్డతో తుడిచేశాను.

పాటని నిషేధించారు. మాటలు పలకకుండా ఈల వేస్తున్నారు ఇప్పుడు. పిల్లలు, కుళాయి దగ్గర ఆడవాళ్ళు, ఆఖరికి సంస్థ బండి తోలేవాడు కూడా. శౌరి ఈల అంటున్నారు దాన్ని.

ఇవాళ అంకమ్మ వచ్చింది. పిల్లని నా చాప మీద కూర్చోబెట్టి, తనూ కూర్చుంది.

"నువ్వు చెప్పింది నిజమా పెద్దమ్మా?"

"నిజమే."

"అయితే ఆయన ఎందుకు ఒప్పుకున్నాడు నా ముందు?"

"తెలీదమ్మా."

ఆమె ఆలోచించింది. "నేను తిట్టింది ఆయన్నే. ఆ తిట్లు ఇంకొకరికి మార్చలేను ఇప్పుడు," అంది. నేను కాదనలేదు. సాయంత్రం దాకా ఉండి, గుడ్డ అవతలి కొస పట్టుకుంది.

నమోదు 10

ఉప్పుమడులకి బండి ఉందని తెలిసి, ముసుగు కప్పుకుని వెళ్ళాను. ఎందుకు వెళ్తున్నానో నాకే తెలీలేదు. తిట్టడానికనుకున్నాను. దారిపొడుగునా ఏం తిట్టాలో పేర్చుకున్నాను.

పాత సముద్రపు గట్టు మీద ఇనుప కంచె. అవతల కనుచూపు మేరా తెల్లగా మెరుస్తోంది. కళ్ళు తెరవడం కష్టం. ఖైదీలు నీళ్ళలో నిలబడి ఉప్పు లాగుతున్నారు. ఒకడు గొర్రు పక్కన పెట్టి కుంటుకుంటూ వచ్చాడు. దగ్గరికొచ్చేదాకా శౌరి అని గుర్తుపట్టలేదు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. మెడ మీద చిన్న గాటు, అంతే.

నోరు కదిపాడు. నాకేమీ వినపడలేదు. గాలి హోరు. కంచెకి చెవి ఆనించాల్సొచ్చింది. ఆయన కూడా వంగి, ఇవతలికి పెదవులు చేర్చాడు. అంత దగ్గరగా ఉన్న మనిషిని తిట్టడం కుదరదు. అరవాలంటే దూరం కావాలి.

"నిన్ను క్షమించలేదు," అన్నాను మామూలు గొంతుతో.

"తెలుసు. వద్దు." ఆకుల మీద గాలి కదిలినట్టుంది ఆ శబ్దం. "ఇక్కడ అందరూ అడుగుతారు వదినా, ఎట్టా రాశావని. చెప్పడానికి గొంతు లేదని సైగ చేస్తాను. ఊరుకుంటారు. హాయిగా ఉంది."

"లాజరు రాశాడని సైగ చెయ్యలేవా?"

నవ్వినట్టున్నాడు. శబ్దం రాలేదు. తర్వాత అన్నాడు, "చెప్పులు తెచ్చిపెడతావా? ఉప్పు కాళ్ళు కోసేస్తోంది."

కిందికి చూశాను. మడమలు పగిలి, వేళ్ళ మధ్య ఎర్రగా పచ్చిగా ఉన్నాయి. పట్టీ ఉన్న చోట చర్మమే లేదు.

"ఏ కొలత?"

ఆయన భుజాలు ఎగరేశాడు. ఎప్పుడూ కొనుక్కోలేదట. ఎవరో ఒకరు తెచ్చి తొడిగేవారట. కంచె కింద ఖాళీలోంచి కాలు ఇవతలికి పెట్టమన్నాను. నేల మీద కూర్చుని, ఆ పాదం పక్కన జాన పరిచాను. జాన, దాని మీద మూడు వేళ్ళు. ఆయన మడమ మంటలాగా వేడిగా ఉంది. కాపలావాడు టైం అయిందని అరిచాడు.

బండిలో వేళ్ళు కదపకుండా అలాగే పెట్టుకుని కూర్చున్నాను, కొలత పోతుందని. గుట్ట కింద దిగి, పాత టైర్లతో చెప్పులు చేసే ముసలాయన దగ్గరికి వెళ్ళి చెయ్యి చూపించాను.

"ఎవరికమ్మా?" అన్నాడు.

"ఉప్పుమడుల్లో ఉన్నాడు. గంగ పాట పాడినాయన."

ముసలాయన చేతిలో పని ఆపాడు. "శౌరిగారికా!"

"అవును. ఆయన పాడాడు. రాసింది వేరే ఆయన. లాజరని."

అరుస్తాడేమో, పొమ్మంటాడేమో అని చూశాను. ముసలాయన టైరు ముక్క ఒకటి తీసి, నా జానా మూడు వేళ్ళూ దాని మీద పెట్టించి, సుద్దతో గీత గీశాడు. గీస్తూనే తల ఎత్తకుండా అడిగాడు:

"ఆయనకి కూడా కావాలా చెప్పులు?"

"అక్కర్లేదు," అన్నాను.

కత్తి తీసుకుని కొయ్యడం మొదలుపెట్టాడు.